పాత పైపు: ఎంత గీకాలి, ఎక్కడ ఆగాలి

పొగ తాగే పైపులో ఉండేవి రెండే ముక్కలు. పొగాకు నింపే గిన్నె, దాని మెడ కలిపి ఒకే చెక్కలో చెక్కుతారు. నోట్లో పెట్టుకునే కాడ విడిగా తయారై ఆ మెడలో బిగుసుకుంటుంది. గిన్నె అడుగు నుంచి కాడ కొస దాకా సన్నటి దారి ఒకటి ఉంటుంది. తిరిగే మర, అరిగే పన్ను, తెగే తీగ ఏమీ ఉండవు కాబట్టి వందేళ్ల కిందటి పైపు కూడా చాలావరకు బాగుచేసుకోదగ్గ స్థితిలోనే దొరుకుతుంది. వాడిన మనిషి పోయాక ఇంటి సామానుతోపాటు అమ్మకానికి వచ్చే పైపులను పాశ్చాత్య వ్యాపారులు 'ఎస్టేట్ పైపులు' అంటారు. ఒకరి నోట్లో నలిగిన వస్తువును సెకండ్‌హ్యాండ్ అనడానికి మొహమాటపడి పెట్టుకున్న పేరది.

పేరు ఎంత పెద్దమనిషి తరహాగా ఉన్నా, పైపు వచ్చే అవతారం అలా ఉండదు. గిన్నె లోపల బొగ్గులా గట్టిపడిన మసి, అంచు మీద పెచ్చులు కట్టిన తారు, నలుపు పోయి పాచిరంగు తిరిగిన కాడ, దాని కొసన పంటిగాట్లు, పొగదారిలో తీగ కూడా దూరనివ్వని జిగట. ఇవన్నీ వాడినవాడు వదిలి వెళ్లినవి. మెడ మీది ముద్రలు, గిన్నె ఆకారం, చెక్కలోని చారలు, మెడకు చుట్టిన వెండి పట్టీ తయారుచేసినవాడు ఇచ్చి వెళ్లినవి. బాగుచేయడమంటే మొదటివాటిని తీసేసి రెండోవాటి జోలికి పోకపోవడం. నోటితో చెప్పడానికి ఇది తేలికే. చేతిలో గరుకు కాగితం ఉన్నప్పుడు మాత్రం మసి ఎక్కడ అయిపోయిందో, చెక్క ఎక్కడ మొదలైందో అంత సులువుగా తెలియదు.

సెకండ్‌హ్యాండ్‌గా దొరికేవాటిలో ఎక్కువ భాగం బ్రయర్ చెక్క పైపులు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న కొండల మీద పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద నుంచి ఈ చెక్క వస్తుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని బ్రూయేర్ అంటే, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి బ్రయర్ అయింది. పైపుకు పనికొచ్చేది కొమ్మ కాదు, కాండం వేళ్లు కలిసేచోట నేలలో ఊరే గడ్డ. ఎండాకాలానికి ఆహారం దాచుకోవడానికీ, కార్చిచ్చులో పైభాగం కాలిపోతే మళ్లీ చిగురు వేయడానికీ ఆ పొద పెంచుకునే గడ్డ అది. నిప్పు అలవాటున్న చెక్క అన్నమాట. కోర్సికా, కలాబ్రియా, సార్డీనియా, గ్రీసు, అల్జీరియాల్లో 30 ఏళ్లు పైబడిన గడ్డలను తవ్వి, దిమ్మలుగా కోసి, రాగి గంగాళాల్లో గంటల తరబడి ఉడకబెడతారు. పసరు, వగరు నీళ్లలోకి దిగిపోయాక నెలల పాటు, ఒక్కోసారి ఏళ్ల పాటు నెమ్మదిగా ఆరబెడతారు. ఫ్రాన్స్‌లో జురా కొండల మధ్య ఉన్న సెయింట్ క్లోద్ ఊళ్లో 1850ల నుంచి బ్రయర్ పైపుల పని ఊపందుకుంది. అప్పటిదాకా యూరప్‌లో ఎక్కువగా వాడినవి మట్టి పైపులు, మీర్‌షామ్ అనే తెల్లరాయి పైపులు. మట్టిది చెయ్యి జారితే ముక్కలవుతుంది, తెల్లరాయిది సామాన్యుడికి అందదు. బ్రయర్ ఆ రెండు లోట్లూ తీర్చింది.

కాడ కథ వేరు. పాత పైపుల్లో అది సాధారణంగా ఎబొనైట్. వల్కనైట్ అన్నా అదే. రబ్బరులో మూడో వంతు దాకా గంధకం కలిపి గంటల తరబడి కాగబెడితే కొమ్ములా గట్టిపడే నల్లటి పదార్థం ఇది. రబ్బరును గంధకంతో పదును చేసే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంట్ పొందితే, గట్టి రబ్బరుకు ఆయన తమ్ముడు నెల్సన్ 1851లో పొందాడు. తెలుగువాళ్ల జేబులకు ఈ పదార్థం బాగా తెలుసు. రాజమండ్రిలో 1932లో పుట్టిన రత్నం పెన్నులకు పేరు తెచ్చింది లేత్ మీద తిప్పిన ఈ ఎబొనైటే. తాతగారి ఎబొనైట్ పెన్ను కిటికీ పక్కన ఏళ్ల తరబడి పడి ఉంటే నలుపు వెలిసి కాకీరంగు తిరుగుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన తగులుతుంది. వెలుతురు, గాలి, తడి కలిసి పైపొరలోని గంధకాన్ని కదిలించడమే దీనికి కారణం. పైపు కాడకు పట్టే జబ్బూ ఇదే. పైపు విషయంలో ఉమ్మి తడి కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా ముదురుతుంది. తర్వాత వచ్చిన యాక్రిలిక్ కాడలకు ఈ బాధ లేదు. అయితే అవి పంటి కింద రాయిలా తగులుతాయి. ఎబొనైట్ కాస్త మెత్తగా ఒదుగుతుంది. పాతకాలపు కాడల మీద మోజు తగ్గకపోవడానికి ఆ మెత్తదనం చాలు.

పాత పైపు చేతికి వచ్చినప్పుడు మొదట చేయాల్సింది శుభ్రం చేయడం కాదు, చదవడం. దీపం పక్కకు వంచి, ఏటవాలు వెలుగులో, భూతద్దంతో మెడకు రెండు వైపులా చూడాలి. తయారీదారు పేరు, ఆకారం సంఖ్య, దేశం పేరు అక్కడ ముద్ర కొట్టి ఉంటాయి. ఐర్లండ్‌లోని పీటర్సన్ కంపెనీ పైపు దీనికి మంచి ఉదాహరణ. జర్మనీ నుంచి వచ్చిన కాప్ సోదరులు 1865లో డబ్లిన్‌లో పెట్టిన దుకాణం అది. లాత్వియా నుంచి వచ్చిన చార్లెస్ పీటర్సన్ అనే పనివాడు వాళ్లతో చేరాక ఆయన పేరే సంస్థకు నిలిచిపోయింది. పీటర్సన్ మెడ మీద 'ఐరిష్ ఫ్రీ స్టేట్' అని ఉంటే ఆ పేరుతో దేశం ఉన్న 1922-37 నాటి పైపు అనుకోవచ్చు. 'ఐరే' అని ఉంటే ఆ తర్వాతిది, 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్' అని ఉంటే 1949 తర్వాతిది. దేశం పేరు మారిన మర్నాడే కార్ఖానాలో పాత ముద్రలు పారేయరు కాబట్టి, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదులుకోవాలి.

వెండి పట్టీ ఉంటే ఇంకా మంచిది. డబ్లిన్ పరీక్షశాల వెండి మీద కొట్టే ముద్రల్లో కూర్చున్న స్త్రీమూర్తి, కిరీటం పెట్టిన వీణ, ఏటా మారే ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం దొరికితే సంవత్సరం దొరికినట్టే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పీటర్సన్ నికెల్ పట్టీల మీద కూడా మూడు బొమ్మలు వరసగా ఉంటాయి. మూడాకుల షామ్‌రాక్, వేటకుక్క, గుండ్రటి బురుజు. చూడటానికి అచ్చం వెండి ముద్రల్లాగే ఉన్నా, అవి అలంకారానికి కొట్టినవి. వెండి అని మురిసి కొన్నవాడు ఇంటికి వచ్చి రుద్దితే కింద నికెలే మెరుస్తుంది.

ఈ ముద్రల లోతు వెంట్రుక మందం. అందుకే పైపు బాగుచేసేవాళ్లలో అనుభవం ఉన్నవాడికీ లేనివాడికీ తేడా మెడ దగ్గర తెలిసిపోతుంది. లేనివాడు మెడనంతా అద్దంలా మెరిపిస్తాడు, పేరు మాత్రం కనిపించదు. ఉన్నవాడు పని మొదలుపెట్టకముందే ముద్రల మీద టేపు అంటిస్తాడు, ఆ చుట్టూ కొంచెం మసకగా ఉన్నా సరే అని వదిలేస్తాడు. పేరు చెరిగిన పీటర్సన్ అమ్మకానికి పెడితే అది ఉత్త పైపే.

చదవడం అయ్యాక కాడను మెడ నుంచి ఊడదీయాలి. దశాబ్దాలుగా తారు జిగురులా పట్టుకుని ఉంటుంది కాబట్టి అది మామూలుగా రాదు. బలం పెట్టి అటూ ఇటూ వంచితే కాడ మొన మెడలోనే విరిగిపోతుంది, లేదా మెడే పగులుతుంది. పైపు మొత్తాన్ని ఒక గంట ఫ్రీజర్‌లో పెట్టడం తెలిసినవాళ్లు చేసే పని. చలికి చెక్కా ఎబొనైటూ ఒకేలా ముడుచుకోవు. ఆ తేడాతో మధ్యలో తారు పట్టు వదులుతుంది. తీసి మెల్లగా ఒకే వైపు తిప్పుతూ లాగితే టక్కుమని ఊడుతుంది. కేవుడీ లాంటి అమెరికన్ పైపుల్లో కొన్నింటికి కాడ మరచుట్టుతో బిగుస్తుంది. అది తెలియకుండా లాగితే నష్టమే.

ఇప్పుడు గిన్నె లోపలి మసి. పొగాకు కాలే కొద్దీ గోడలకు పేరుకునే ఈ బొగ్గు పొర కొంతవరకు మేలే చేస్తుంది. చెక్కకూ నిప్పుకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. పాడు చేసేది దాని మందం. బొగ్గూ చెక్కా వేడికి ఒకేలా వ్యాకోచించవు. మసి పొర మరీ దళసరి అయితే లోపలి నుంచి గిన్నెను తోసి పగలగొడుతుంది. అందుకే పైపు వాడేవాళ్లు ఒక మిల్లీమీటరు మందం ఉంచి మిగతాది తీసేయమంటారు. సెకండ్‌హ్యాండ్ పైపులో ఆ ఒక్క మిల్లీమీటరు కూడా ఉంచనక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. పరాయి మనిషి మసి అన్నదొక్కటే దీనికి కారణం కాదు. గోడ పూర్తిగా బయటపడితే తప్ప దాని వెనక దాక్కున్న పగుళ్లు, కాలిన మచ్చలు కనిపించవు. కొన్నది ఎలాంటిదో తెలియాలంటే అడుగు దాకా చూడాల్సిందే. ఈ వాదనే బలమైనది.

మసి తీయడానికి రీమర్ అనే పనిముట్టు ఉంది. గిన్నె గుంటకు సరిపడే నాలుగు రెక్కల బ్లేడు, దాన్ని తిప్పడానికి ఒక పిడి. చిన్న బ్లేడుతో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లాలి. రెండు చుట్లు తిప్పగానే నల్లటి పొడి జలజల రాలుతుంది. అది పొగాకు, తారు, నికోటిన్ కలిసిన దుమ్ము. ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చేయకూడదు. అడుగుకు చేరుతున్నకొద్దీ చెయ్యి తేలిక కావాలి. గోడ చెక్కకు తగలగానే శబ్దం మారుతుంది. గరగర పోయి నున్నగా వినిపిస్తుంది. జేబు చాకుతో గీకిన పాత పైపులు చాలా వస్తుంటాయి. వాటి గుంట గుండ్రంగా ఉండదు, పొగదారి నోరు చెక్కుకుపోయి ఉంటుంది. రీమర్ అందని చోట లావుపాటి గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి తిప్పితే చాలు.

పొగదారి శుభ్రం చేయడానికి నూలు చుట్టిన సన్నటి తీగలు, చెవి పుల్లలు, స్పిరిట్ కావాలి. స్పిరిట్ అంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొదటి తీగ నల్లగా వస్తుంది, పదోది గోధుమ రంగులో, ఇరవయ్యోది లేత టీ రంగులో. తెల్లగా వచ్చేదాకా చేయడమే ఈ పనిలో ఓపికను పరీక్షించే ఘట్టం. ఒకటి మరవకూడదు. స్పిరిట్ బయటి చెక్క మీద పడకూడదు. చాలా పైపులకు రంగూ మెరుపూ స్పిరిట్‌లో కరిగేవే. కొన్నింటి మీద కార్ఖానాలో పూసింది లక్క. మన వడ్రంగులు టేకు కుర్చీలకు కొట్టే స్పిరిట్ పాలిష్ లక్కను స్పిరిట్‌లో కరిగించిందే కదా. ఏ ద్రవంలో కరిగించి పూశారో అదే దాన్ని తుడిచేస్తుంది. యాక్రిలిక్ కాడలకు స్పిరిట్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. వాటికి సబ్బునీళ్లే గతి.

పీటర్సన్ సిస్టం పైపుకు ఇక్కడ అదనపు చాకిరీ ఉంటుంది. 1890లో పేటెంట్ పొందిన ఆ నిర్మాణంలో పొగదారి కింద, మెడ లోపల ఒక చిన్న గొయ్యి ఉంటుంది. పొగలోని తడి అందులోకి దిగి నోటికి పొడి పొగ రావాలని ఆ ఏర్పాటు. తాగినవాడు ఆ గొయ్యిని రోజూ ఒంపేసి తుడిస్తే బాగానే ఉంటుంది. అలా చేసినవాడి పైపు సాధారణంగా అమ్మకానికి రాదు. వచ్చినదాంట్లో గొయ్యి నిండా బెల్లం పాకంలా ముదిరిన తారు. నిటారుగా పోయే తీగకు ఆ మూల అందదు. కొస వంచిన చెవి పుల్లలు, సన్నటి చెంచా లాంటి గీకుడు పనిముట్టు కావాలి. కాడకు కూడా చిక్కే. 1898లో వచ్చిన పీ-లిప్ కాడలో పొగ నేరుగా నాలుక మీదికి రాకుండా అంగిటి వైపు పైకి వెళుతుంది. కొస మీద పైకి తెరుచుకున్న ఆ చిన్న రంధ్రంలోకి తీగను లోపలి వైపు నుంచే పంపాలి. ఇంకో తిరకాసు ఏమిటంటే ఈ పైపుల్లో కాడ మొన చివరికి సన్నబడుతూ ఉండి, మెడలో అడ్డం లేకుండా ఎంతదాకా పోతే అంతదాకా దిగుతుంది. తారు పేరుకుని ఉన్నంతకాలం సరిగ్గా నిలిచిన కాడ, శుభ్రమయ్యాక పట్టీలోకి మునిగిపోతుంది. అప్పుడు కాడ మొనను వేడినీళ్లలో మెత్తబరిచి, కొంచెం లావుపాటి నున్నటి ఉక్కు పుల్లను లోపలికి దోపితే మొన కాస్త ఉబ్బి మళ్లీ పాత చోటే ఆగుతుంది.

ఎంత తుడిచినా పోని వాసన ఒకటి ఉంటుంది. దాన్ని పైపుల వాళ్లు 'దయ్యం' అంటారు. సైప్రస్, సిరియా వైపు మంటల పొగలో ఆరబెట్టే లటాకియా పొగాకు వాసన చెక్కలోకి దిగితే పట్టాన వదలదు. ఇంగ్లండ్‌లో కెండల్ ఊరి పొగాకుల్లో కలిపే పూల అత్తరు వాసన అంతకన్నా మొండిది. ఈ దయ్యాన్ని వదిలించడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, గిన్నె నిండా దూది గాని ఉప్పు గాని పోసి, స్పిరిట్ తడిపి, రాత్రంతా వదిలేయడం. స్పిరిట్ చెక్కలోని తారును కరిగిస్తుంది, ఆవిరయ్యేటప్పుడు దూది దాన్ని పీల్చుకుంటుంది. తెల్లారేసరికి తెల్ల దూది కషాయం రంగులో ఉంటుంది. ఉప్పు మీద ఎప్పటినుంచో తగాదా. ఉప్పు చెక్కలోకి దిగితే తడి పీల్చి ఉబ్బి మెడను పగలగొడుతుందని ఒక వర్గం భయం. దూది కూడా అదే పని చేస్తున్నప్పుడు ఆ భయాన్ని మోయాల్సిన అవసరం లేదు.

రెండోది రిటార్ట్. టెస్ట్‌ట్యూబులో కొంచెం స్పిరిట్ పోసి, దాని మూతికి రబ్బరు గొట్టం బిగించి, ఆ గొట్టం రెండో కొసను కాడకు తొడుగుతారు. గిన్నె నోట్లో దూది కూరుతారు. ట్యూబు కింద సన్నటి మంట పెడితే ఐసోప్రొపైల్ 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి, ఆవిరి పొగదారంతా తిరుగుతుంది. మంట తీస్తే ఆవిరి చల్లారి ద్రవమై, దారిలోని తారును కడుక్కుంటూ ట్యూబులోకి తిరిగి వస్తుంది. నీళ్లలా పోసింది చిక్కటి డికాక్షన్‌లా తిరిగి వస్తుంది. దీనంత బాగా లోపలిని కడిగే పద్ధతి ఇంకోటి లేదు. అలాగే ఇంట్లో చేయడానికి ఇంత ప్రమాదకరమైనదీ లేదు. మండే ద్రవం, పక్కనే మంట. గొట్టం ఊడితే బల్ల అంటుకుంటుంది. గాలి తగిలే చోట, తడిగుడ్డ పక్కన పెట్టుకుని చేసినా తక్కువ జాగ్రత్తే.

గిన్నె బయటివైపు తక్కువ పని. మెత్తటి సబ్బును కాస్త తడి గుడ్డ మీద వేసుకుని తుడిచి వెంటనే ఆరబెట్టాలి. అంచు మీది తారుకు ఉమ్మి బాగా పనిచేస్తుందని పాత పనివాళ్ల అనుభవం. నవ్వొచ్చే మాటే గాని, ఉమ్మి తేమా, నిదానంగా రుద్దడమూ కలిసి చెక్కకు హాని లేకుండా పెచ్చును వదిలిస్తాయి. అంచు నిజంగా కాలి గుంట పడితే మాత్రం బల్ల మీద గరుకు కాగితం పరిచి గిన్నెను బోర్లించి గుండ్రంగా రుద్దుతారు. అంచు ఒక వెంట్రుక మందం తగ్గితే సరే. రెండు మిల్లీమీటర్లు తగ్గితే అది వేరే ఆకారం, వేరే పైపు. తయారుచేసినవాడి కొలత పోయింది.

చెక్క మీది నొక్కులకు గీకడం అక్కర్లేదు. నొక్కు మీద తడిగుడ్డ వేసి, వేడి చేసిన చాకు వెనకవైపు ఆనిస్తే ఆవిరి చెక్కలోకి పోయి, నలిగిన పీచు ఉబ్బి పైకి వస్తుంది. ఇస్త్రీ పెట్టె మొనతో చేసేవాళ్లూ ఉన్నారు. చవక పైపుల్లో కనిపించే గులాబీ రంగు మచ్చలు మాత్రం నొక్కులు కావు. చెక్కలో పుట్టుకతో ఉన్న బొక్కలను కార్ఖానాలోనే లప్పంతో పూడ్చి రంగు వేసిన చోట్లవి. పాలిష్ పోగానే లప్పం బయటపడుతుంది. దాన్ని తవ్వి, బ్రయర్ పొడి సూపర్‌గ్లూతో కలిపి నింపితే రంగు కలుస్తుంది. గిన్నె గోడ లోపల కాలి గుంట పడినప్పుడు చుట్ట బూడిదను నీళ్లతో ముద్ద చేసి మెత్తడం పాత చిట్కా. గుంట లోతుగా ఉంటే ఏ ముద్దా ఎక్కువకాలం నిలవదు.

కాడ దగ్గరే సగం శ్రమ ఉంటుంది. ఎబొనైట్‌కు ఒక మంచి గుణం ఉంది. వేడికి తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుంటుంది. పంటి నొక్కుల మీద చిన్న మంటను ఆగకుండా అటూ ఇటూ ఆడిస్తే నొక్కులు వాటంతట అవే పైకి లేస్తాయి. అదే గుణం తిరగబడుతుంది కూడా. వంకర కాడను ఎక్కువసేపు వేడినీళ్లలో ఉంచితే నిటారు అయిపోతుంది, ఎందుకంటే అది పుట్టింది నిటారుగానే. అప్పుడు మళ్లీ వేడిచేసి వంచుకోవాల్సిందే. లోపల తీగ దూర్చి వంచితే దారి నొక్కుకుపోదు. లేవని గాట్లకు బొగ్గుపొడి కలిపిన సూపర్‌గ్లూ నింపి, ఆరాక సన్నటి ఆకురాయితో సాపు చేస్తారు.

పాచిరంగు తీయడానికి కాడను ఆక్సిజన్ విడుదల చేసే బట్టల సబ్బుపొడి కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కొన్ని గంటలు నానబెడతారు. దాంతో పాచి పోదు, మెత్తబడుతుంది. బ్లీచింగ్ ద్రావకంలో వేస్తే త్వరగా పోతుంది కానీ పైపొర గరుకు తేలి, మెరుపు తేవడానికి రెట్టింపు పని పడుతుంది. ముందుగా కాడ మీది గుర్తుకు వ్యాజ్‌లీన్ పూయాలి. ఆ తర్వాత నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో 400, 600, 1000 నంబర్లు వరసగా. పైన పసుపుపచ్చ నురగ కారుతుంది, అది పోయేదాకా తోమాలి. కాడ మెడకు తగిలే చోట అంచు గుండ్రబడిపోతే చెక్కకూ కాడకూ మధ్య వేలికి మెట్టులా తగులుతుంది, మంచి పైపు చెడినట్టే. దాన్ని కాపాడటానికి ప్లాస్టిక్ వాషర్ ఒకటి తొడిగి రుద్దుతారు. తర్వాత మైక్రోమెష్ అనే మెరుగుపెట్టే పలకలు. 1500 నుంచి 12000 దాకా తొమ్మిది, మామూలు గరుకు కాగితం నంబర్లతో వీటికి సంబంధం లేదు. మూడో పలక దాకా కాడ బూడిద రంగులో నీరసంగా ఉంటుంది. నాలుగైదు దాటాక ఒక్కసారిగా నలుపు లోపలినుంచి తేలుతుంది.

చివర మైనం. తిరిగే గుడ్డచక్రం మీద కార్నౌబా మైనం పూసి గిన్నెను, కాడను తేలిగ్గా ఆనిస్తారు. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఊరే ఈ మైనం 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తేనెమైనం 62-64 దగ్గరే కరుగుతుంది కాబట్టి వేడెక్కే గిన్నె మీద అది జిడ్డవుతుంది, కార్నౌబా నిలుస్తుంది. చక్రం రాపిడికే మైనం కరిగి గాజులా పరుచుకుంటుంది. గట్టిగా ఒత్తితే చక్రం పైపును లాక్కుని గోడకు కొడుతుంది. కాడ మొన విరిగిన పైపుల్లో చాలావాటి చరిత్ర అదే.

ఈ నియమాలన్నీ బ్రయర్‌కే. టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర తవ్వే మీర్‌షామ్ రాయికి వీటిలో ఏదీ పనికిరాదు. నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. గీకితే గోడ ఊడుతుంది. వాడే కొద్దీ తెల్లరాయి తేనెరంగుకు, ఆ తర్వాత ముదురు ఎరుపుకు తిరుగుతుంది. కొనేవాళ్లు ఆ రంగుకే విలువ కడతారు. అక్కడ వాడినవాడు వదిలింది కూడా వస్తువులో భాగమైంది. లోపలి మసి మెత్తటి గుడ్డతో తుడిచి, మెడలో పొడి తీగ తిప్పి వదిలేయాలి.

వాడినవాడి గుర్తులే విలువైన బ్రయర్ కూడా ఉంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఐన్‌స్టీన్ పైపు ఉంది. మామూలు బ్రయర్, ఖరీదైనది కాదు. కాడ కొస పళ్లకు నలిగి, అరిగి, చిల్లు పడింది. ఆ చిల్లు పూడ్చి, పాచి తీసి, మైనం పట్టిస్తే మ్యూజియం దగ్గర మిగిలేది ఎవరిదైనా కావచ్చు.

ఇంత శుభ్రం చేసిన పైపును వెలిగించాలనిపిస్తే ఒక మాట. పైపు పొగను ఊపిరితిత్తుల దాకా పీల్చరు కాబట్టి హాని లేదన్న నమ్మకం పాతదే గాని నిజం కాదు. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు అది కారణమే. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట, అంటే వెలిగే కొస నోట్లో పెట్టుకుని చుట్ట, కాల్చిన ఆడవాళ్ల అంగిళ్ల మీద వైద్యులు చూసిన పుండ్లకు కారణం కూడా ఇలా నోట్లో తిరిగిన పొగ, దానికి తోడు నిప్పు వేడి. సేకర్తల్లో కొందరు పైపులను పెన్నుల్లా, గడియారాల్లా పెట్టెల్లో ఉంచుకుంటారు. వెలిగించరు.

అలా ఉంచుకునేవాళ్లకైనా ఒక పని మిగిలే ఉంటుంది. స్పిరిట్, సబ్బు, తడి అన్నీ తగిలిన చెక్క పూర్తిగా ఆరడానికి వారం పడుతుంది. ఆ వారం కాడను బిగించకూడదు. తడికి ఉబ్బిన మెడలో బిగిస్తే ఆరేటప్పుడు పట్టేసి మళ్లీ ఫ్రీజర్ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఆరాక కాడ బిగించి, ఎండ తగలని అరలో పెట్టాలి. కిటికీ పక్కన పెడితే ఏడాది తిరిగేసరికి కొస దగ్గర మళ్లీ పాచిరంగు మొదలవుతుంది. అప్పటికి గరుకు కాగితం అవసరం ఉండదు, ఆలివ్ నూనె తడిపిన గుడ్డతో రెండు నిమిషాలు రుద్దితే సరిపోతుంది.